దెబ్బలన్నీ ఎడమ కాలికే: ఒక తెల్లకర్ర కేసు

మొదటి రోజే ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి రెండు కాళ్లూ చూపించారు. కుడి కాలి మీద ఎప్పటిదో ఒక పాత మచ్చ తప్ప ఏమీ లేదు. ఎడమ కాలికి మాత్రం మోకాలి కింద ఎముక పొడవునా దెబ్బలే, కొత్తవి ఎర్రగా, పాతవి నల్లగా, మానుతున్నవి పసుపుపచ్చగా, లెక్కపెడితే తొమ్మిది. "నా కర్రకి కుడి కాలంటేనే ప్రేమ సార్" అని నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆ మాటలోనే కేసు మొత్తం ఉందని తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నాలాగా చూపు తగ్గినవాళ్లకి తెల్లకర్రతో నడక నేర్పేవాళ్లకీ, నేర్చుకుని ఏళ్లయినా ఇంకా ఎందుకు గుద్దుకుంటున్నామో అర్థంకాక విసిగిపోయినవాళ్లకీ పనికొస్తుందని నా ఆశ. నేను చేసిన పొరపాట్లు రెండున్నాయి, వాటిని కూడా దాచడం లేదు.

మనిషి గురించి కొంచెం

నలభై దాటిన మనిషి, రెటినైటిస్ పిగ్మెంటోసా. ఈ జబ్బులో కంటి వెనక పొర రెటీనాలో ముందు మసక వెలుతురులో చూసే రాడ్ కణాలు పోతాయి కాబట్టి రేచీకటితో మొదలవుతుంది, తర్వాత పక్కచూపు తగ్గుతూ తగ్గుతూ చివరికి మధ్యలో ఒక చిన్న గొట్టం మిగులుతుంది. ఈయనకి మిగిలింది సుమారు 10 డిగ్రీలు. అంటే ఎంతో చాలామందికి అందదు, అందుకే నేను ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ లెక్క కట్టి చెప్తాను: పది మీటర్ల దూరంలో చూస్తే దాదాపు 1.75 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, అదే రెండు మీటర్ల దూరంలో 35 సెంటీమీటర్లే. దూరంగా ఉన్న బోర్డు చదివేస్తారు, కాళ్ల దగ్గరున్న బకెట్ కనిపించదు. చూసేవాళ్లకి ఇది నాటకంలా ఉంటుంది, "అంత దూరం కనిపించింది, ఇది కనిపించలేదా" అంటారు. ఈ మాట ఆయన ఎన్నిసార్లు విన్నారో ఆయనకే లెక్క లేదు.

కర్ర పట్టుకుని ఆరేళ్లయింది. మొదట్లో కొన్ని క్లాసులు, ఆ తర్వాత అంతా సొంత సాధన. మడతపెట్టే అల్యూమినియం కర్ర, నేలకి తగిలే కొసన సన్నటి పెన్సిల్ టిప్, పొడవు 110 సెం.మీ. ఆయన ఎత్తు 172. ఆ పొడవు చూడగానే తక్కువైందని రాసుకున్నాను, ఎందుకంటే నిలబెట్టినప్పుడు కర్ర రొమ్ము ఎముక కింది కొస దాకా రావాలన్నది మామూలు లెక్క, పెద్ద అడుగులు వేసేవాళ్లకి ఇంకాస్త ఎక్కువే ఇస్తాం.

వెళ్లబోతుండగా ఆయన భార్య అన్న మాట అసలు చిక్కుముడి. "చీకట్లో బాగానే నడుస్తారండీ. పగలే గుద్దుకుంటారు."

నా మొదటి పొరపాటు

ఆ మాట వినగానే నాకు జవాబు దొరికిపోయిందనుకున్నాను. రాత్రి ఏమీ కనిపించదు కాబట్టి కర్రని నమ్ముతున్నారు, పగలు ఆ కాస్త చూపునీ నమ్ముకుని కర్రని ఊరికే మోస్తున్నారు. పుస్తకంలో ఉండే జవాబే, కొంత చూపు మిగిలినవాళ్లలో చాలామంది విషయంలో నిజం కూడా. వెంటనే పరీక్ష పెట్టాను. వాహనాలు తక్కువ తిరిగే ఒక వీధి, మూడు వందల మీటర్లు. పగటిపూట మామూలుగా నడిపిస్తే ఆరుసార్లు తగిలింది, అందులో ఐదు ఎడమవైపే. అదే వీధిలో కళ్లకి గంతలు కట్టి నడిపిస్తే ఒక్కసారి.

ఇంకేముంది, క్లాసు పీకాను. చూపుని నమ్మొద్దు, కర్రని నమ్మండి, ఇకనుంచి సగం సెషన్లు గంతలతోనే అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఉన్న ఈ కాస్త చూపూ పక్కన పెట్టేయమంటే ఎలా సార్, రేపు ఎలాగూ పోయేదే కదా, ఉన్నన్నాళ్లు వాడుకోనివ్వండి" అన్నారు. నాకు కొంచెం గుచ్చుకుంది, కానీ వెనక్కి తగ్గలేదు. రెండు వారాలు గంతలతో చేయించాను. గంతలు ఉన్నంతసేపూ అద్భుతంగా నడిచేవారు. గంతలు తీసి ఇంటికెళ్లే దారిలో మళ్లీ ఎడమ కాలు తగిలించుకునేవారు.

నా నోట్సులో ఒక అంకె కూర్చుని ఉంది, నేను చూడలేదు. గంతలతో నడిచినప్పుడు అదే దూరానికి దాదాపు రెట్టింపు టైమ్ పట్టింది. రాత్రిపూట కూడా ఆయన నెమ్మదిగానే నడుస్తారు. తేడా కళ్లలో కాకుండా వేగంలో ఉండొచ్చు కదా అన్న ఆలోచనే రాలేదు.

సుద్ద

మూడో వారం ఆయన కర్ర మడతపెడుతుంటే చేతిలోకి తీసుకుని టిప్ చూశాను. ఒక పక్కకి ఏటవాలుగా అరిగిపోయి ఉంది, బ్లేడుతో చెక్కిన పెన్సిల్‌లాగా. గ్రిప్‌కి ఒక వైపు చదునుగా ఉంటుంది, చూపుడువేలు దాని మీద ఆనుతుంది, కాబట్టి కర్ర చేతిలో తిరగదు, టిప్ ఎప్పుడూ కింది వైపే అరుగుతుంది. అది మామూలే. కానీ ఈ అరుగుదల సరిగ్గా కింద లేదు, పక్కకి జరిగి ఉంది. అంటే కర్ర ఎదురుగా కాకుండా శరీరానికి అడ్డంగా వస్తోందన్నమాట.

అప్పుడు సుద్దముక్క గుర్తొచ్చింది. టిప్‌కి తడి సుద్ద దట్టంగా పూశాను, బూట్ల అడుగున నీళ్లతో తడిపాను, నల్లటి సాఫీ నేల మీద ఇరవై అడుగులు మామూలు వేగంతో నడవమన్నాను. గంతలు లేవు, లెక్చర్ లేదు. ఆయన నడిచాక ఇద్దరం వంగి చూశాం, ఆయన ఆ 35 సెంటీమీటర్ల కిటికీలోంచి ఒక్కొక్క చుక్కా వెతుక్కుంటూ చూశారు. కుడివైపు సుద్ద చుక్కలు కుడి బూటుకి జానెడు అవతల పడ్డాయి. ఎడమవైపు చుక్కలు ఎడమ బూటు దాకా కూడా రాలేదు, బొటనవేలికి లోపలే ఆగిపోయాయి. ప్రతి అడుగులోనూ ఎడమ కాలు కర్ర తాకని నేల మీద పడుతోంది. "చూశారా, నేను చెప్తే నవ్వారు" అన్నారు ఆయన.

అదే నేల మీద గంతలు కట్టి నెమ్మదిగా నడిపిస్తే రెండు వైపులా సమానంగా పడ్డాయి. ఈసారి నేను ఆయన చేతిని చూశాను. గంతలతో నడిచినప్పుడు చెయ్యి బొడ్డు ఎదురుగా ఉంది. మామూలుగా నడిచినప్పుడు కుడి తుంటి పక్కకి జారిపోతోంది. చెయ్యి ఇరవై సెంటీమీటర్లు కుడికి జరిగితే కర్ర గీసే ఆర్క్ అంతా దానితోపాటే కుడికి జరుగుతుంది, మిగతాది లెక్క.

ఎందుకు జారుతోంది అని అప్పుడు అడిగాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది. "పొట్టలో పొడుస్తుంది కదా సార్" అన్నారు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

కర్రతో నడిచేవాళ్లందరికీ తెలిసిన బాధ ఇది. సన్నటి టిప్ బండల సందులోనో గుంతలోనో ఇరుక్కుంటుంది, మనిషి ముందుకు వస్తూనే ఉంటాడు, గ్రిప్ వెనక కొస నేరుగా కడుపులో దిగుతుంది. ఆయనకి కొన్నేళ్ల క్రితం అలా తగిలి రెండు రోజులు వంగలేకపోయారట. అప్పటినుంచి చెయ్యి తనంతట తానే పక్కకి వెళ్లడం నేర్చుకుంది. నెమ్మదిగా నడిస్తే పొడిచినా నొప్పి ఉండదు కాబట్టి రాత్రిపూట చెయ్యి మళ్లీ మధ్యకి వచ్చేది. పగలు ఆ కాస్త చూపు ఇచ్చే ధైర్యంతో వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే పోటు భయం, పోటు భయంతో చెయ్యి తుంటి దగ్గరికి, ఎడమ కాలు గాలికి. చూపుకి ఇందులో పాత్ర లేదని అనను, కానీ నేను తిట్టిన చోట తప్పు లేదు.

ఏం మార్చాం

ముందు టిప్ మార్చాం. పెన్సిల్ టిప్ తీసేసి బేరింగ్ మీద తిరిగే లావుపాటి రోలర్ టిప్ పెట్టాం. ఇది సందుల మీదుగా దొర్లుకుంటూ పోతుంది, ఇరుక్కోవడం బాగా తగ్గుతుంది. బరువు కాస్త ఎక్కువ, మొదటి వారం మణికట్టు నొప్పి అన్నారు, నిజమే, నొప్పి వస్తుంది. పొడవు 125కి పెంచాం. అందరూ పొడవు ఒక్కటే మందు అనుకుంటారు, నిజానికి పొడవు పెంచి చెయ్యి తుంటి దగ్గరే ఉంచితే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అసలు పని పట్టు మీద జరిగింది. ఆయన గ్రిప్‌ని పిడికిలి బిగించి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే టిప్ ఆగిన క్షణంలో ఆ తోపు అంతా కడుపుకి చేరుతుంది. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు వదులుగా, చూపుడువేలు చాచి, టిప్ ఆగగానే మోచెయ్యి వెనక్కి మడుచుకునేలా పట్టుకోవాలి. ఇది మాటలతో రాదు. నేను ఎదురుగా నిలబడి చెప్పాపెట్టకుండా బూటుతో టిప్‌ని ఆపుతుండేవాణ్ని, ఆయన చెయ్యి వదులవ్వాలి, గ్రిప్ పక్కకి తప్పుకోవాలి. మొదటి రోజు పదిసార్లలో ఏడుసార్లు కడుపుకి తగిలింది, మెల్లగానే అనుకోండి. నాలుగో రోజుకి ఒక్కసారి కూడా తగల్లేదు. ఆ రోజు నుంచి చెయ్యి మధ్యలో పెట్టమని నేను చెప్పాల్సిన అవసరం రాలేదు, దానంతట అదే వచ్చింది. చొక్కా గుండీని గుర్తుగా పెట్టుకోమని మాత్రం చెప్పాను, అప్పుడప్పుడు మెటికతో తాకి చూసుకోవడానికి.

చెయ్యి మధ్యలో ఉండాలన్నది నా సొంత సూత్రమేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులకి అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో 1944 ప్రాంతంలో రిచర్డ్ హూవర్ నేర్పిన పొడవు కర్ర పద్ధతిలోనిదే ఇది. అంతకుముందు కర్ర అంటే ఆసరా, లేదా నేను చూడలేనని పక్కవాళ్లకి చెప్పే గుర్తు. కర్రతో నేలని ముందుగా వెతకడం అనేది ఒక పద్ధతిగా స్థిరపడింది ఆయన దగ్గరే. భుజాల కంటే కాస్త వెడల్పుగా రెండు పక్కలా తాకడం, కుడికాలు వేసేటప్పుడు టిప్ ఎడమవైపు ఉండటం, అంటే తర్వాతి అడుగు పడబోయే చోటుని కర్ర ముందే చూసి రావడం. ఈయనకి ఆ లయ మొదటినుంచీ బాగానే ఉంది, దాని జోలికి వెళ్లలేదు.

టిప్‌తో తడుతూ వెళ్లాలా, నేలకి ఆనించే ఉంచాలా అన్నది ఎప్పుడూ నడిచే గొడవ. పాతతరం ట్రైనర్లు రెండు పక్కలా తట్టే పద్ధతినే నమ్ముతారు, ఆ టకటకలో ప్రతిధ్వని వస్తుంది, గోడ ఎక్కడ అయిపోయిందో సందు ఎక్కడ మొదలైందో చెవికి తెలుస్తుంది. నా లెక్కలో మెట్టు దిగుడు, ఫుట్‌పాత్ అంచు, మూతలేని గుంత ఉండే వీధుల్లో టిప్ నేలని వదలకూడదు, గాల్లో ఉన్న ఆ క్షణంలోనే అంచు దాటిపోతుంది. ఈయన ఇప్పుడు ఎక్కువగా ఆనించే నడుస్తారు, గోడ కోసం వెతికేటప్పుడు మాత్రం నాలుగుసార్లు తడతారు.

నా రెండో పొరపాటు

ఎనిమిదో సెషన్. ఎడమ కాలికి కొత్త దెబ్బ లేక పది రోజులు, ఇద్దరం హుషారుగా ఉన్నాం. నేను మూడడుగులు వెనక నడుస్తూ ఆయన మణికట్టునే చూస్తున్నాను. రోడ్డు పక్కన ఒక లారీ ఆగి ఉంది, వెనక నుంచి ఇనుప కడ్డీలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కర్ర వాటి కిందనుంచి ఖాళీగా పోయింది, కడ్డీ కొస కనుబొమ్మ పైన తగిలింది. మూడు కుట్లు. ఆయన అన్నది ఒక్కటే, "కర్ర సరిగ్గానే చెప్పింది సార్, కింద ఏమీ లేదని." తప్పు పూర్తిగా నాదే, నేను చూడాల్సింది ఆయన చేతిని కాదు, ఆయన తలకి ఎదురుగా ఏముందో.

కర్రకి నడుము పైన లోకం లేదు. కొమ్మలు, తెరిచిన కిటికీ రెక్కలు, లారీల అద్దాలు, మెట్ల కింది వాలు, ఇవేవీ దానికి తెలియవు. మెట్ల కింద నేల ఖాళీగా ఉంటుంది కాబట్టి కర్ర హాయిగా ముందుకు వెళ్తుంది, తల వెళ్లి మెట్టు అడుగుకి తగులుతుంది. అమెరికా భవన నిబంధనల్లో గోడకి తగిలించిన వస్తువుల గురించి ఒక నియమం ఉంది, అడుగు భాగం నేలనుంచి 27 అంగుళాల లోపు ఉన్నవాటికి దారిలోకి ఎంత పొడుచుకు రావచ్చన్న హద్దు లేదు, అంతకంటే పైన, 80 అంగుళాల దాకా ఉన్నవి మాత్రం 4 అంగుళాలకి మించి రాకూడదు. 27 ఎందుకంటే కర్రకి అందేది అంతవరకే. మన వీధుల్ని ఎవరూ అలా కొలిచి కట్టరు, కాబట్టి కాపలా మనమే కాయాలి.

ఖాళీ చేతిని ముఖం ముందు అడ్డంగా ఎత్తి పెట్టుకోవడం నేర్పాను, గదుల్లోనూ తెలియని వరండాల్లోనూ అది బాగా పనిచేస్తుంది, కిలోమీటరు దూరం అలా నడవమంటే ఎవరూ నడవరు. అందుకని ముందుకి పొడుచుకొచ్చిన గట్టి అంచున్న టోపీ పెట్టించాను, కొమ్మ ముందు టోపీకి తగులుతుంది, ఆ అర సెకను చాలు ఆగడానికి. కడ్డీ లాంటిదానికి అది చాలదు. ఆగిన పెద్ద వాహనం టైరు కర్రకి తగలగానే వాహనం పొడవునా కాస్త దూరంగా జరిగి, చెయ్యి ఎత్తి, వేగం తగ్గించి నడవాలన్నది ఇద్దరం కలిసి పెట్టుకున్న నియమం. ఎదురుగా ఏదైనా ఉంటే వణికి చెప్పే అల్ట్రాసోనిక్ సెన్సార్ కర్ర కూడా ఒక వారం వాడి చూశారు. జనంలో అది ఆగకుండా వణుకుతూనే ఉంటుంది, చిరాకు పడి తిరిగి ఇచ్చేశారు. ఖాళీ దారుల్లో పనికొస్తుందని నేననుకుంటాను, ఆయన ఒప్పుకోరు.

రోడ్డు దాటడం

ఇది చివర్లో తీసుకున్నాం, సెషన్లలో దాదాపు సగం దీనికే పోయింది. కర్ర రోడ్డు దాటించదు, చెవులు దాటిస్తాయి. ఆయనకున్న ఇబ్బంది ఏమిటంటే ఎదురుగా ఉన్న గొట్టంచూపుతో అవతలి గట్టు కనిపిస్తుంది, కనిపించింది కదా అని అడుగేస్తారు, పక్కనుంచి వచ్చే బండి ఆ గొట్టంలో ఉండదు. ఇక్కడ మాత్రం నా మొదటి లెక్చర్ సరైనదే, అదే మాట ఆయనా ఒప్పుకున్నారు, కొంచెం సంతోషించాను.

సిగ్నల్ ఉన్న కూడలిలో మనకి సమాంతరంగా వెళ్లే వాహనాలు ఒక్కసారిగా కదిలే హోరు వినాలి. అడ్డంగా వెళ్లేవి ఆగాయి అన్నది చాలదు, సమాంతరంగా ఉన్నవి కదలాలి, కదిలిన వెంటనే బయల్దేరాలి. మధ్యలో ఉన్నప్పుడు అనుమానం వచ్చి ఆగితే అదే ఎక్కువ ప్రమాదం, అందుకే ఆలస్యమైతే ఈ విడత వదిలేసి తర్వాతి దాకా ఆగమంటాను. ఆయనకి ఆగడం చాలా కష్టం, వెనక జనం తోస్తారని. అడుగు వేసేముందు కర్రని ఒకసారి బారుగా ముందుకి చాచి చూపించి అప్పుడు దిగాలి, తిరుగుతున్న వాహనంవాడికి అదే హారన్.

నిలబడే దిక్కు గురించి ఒక మాట. అంచు దగ్గర బుడిపెల పలకలుంటాయి కదా, జపాన్‌లో సెయిచి మియాకె తయారుచేస్తే 1967లో ఒకయామాలో మొదట పరిచారు, ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. ఆయన పాదాలతో ఆ బుడిపెల వరసని చూసుకుని దిక్కు పెట్టుకునేవారు. బుడిపెలు చెప్పేది ఆగమని మాత్రమే, ఎటు వెళ్లాలో కాదు, పలకలు వంకరగా పరిస్తే మనం కూడా వంకరగానే కూడలి మధ్యలోకి వెళ్తాం. దిక్కుకి వాహనాల శబ్దాన్నే వాడాలి. రెండు వారాల్లో, దాటేటప్పుడు ఆయన ఎడమకి జరిగిపోయే అలవాటు బాగా తగ్గింది, అందులో కొంత చెయ్యి మధ్యకి వచ్చినందువల్లే అనిపిస్తుంది.

చప్పుడు లేని బండ్లది ఇంకా తేలని సమస్య. యూరప్‌లో 2021 జూలై నుంచి అమ్మే కొత్త ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లన్నీ 20 కి.మీ. వేగం వరకు శబ్దం చేయాల్సిందే, కానీ ఆ నియమం ద్విచక్ర వాహనాలకి లేదు. ఒకసారి సిగ్నల్ లేని చోట నిలబడి పది నిమిషాలు ఊరికే విన్నాం, వినబడిన ప్రతి బండికీ ఆయన వేలెత్తాలి. మూడు బండ్లు ఆయన ముందునుంచి వెళ్లిపోయాక గాని తెలియలేదు, మూడూ ఎలక్ట్రిక్ టూవీలర్లే. అలాంటి చోట ఒంటరిగా దాటొద్దు, ఎవరినైనా అడగండి అన్నాను. ఆయనకి నచ్చలేదు. ఇప్పుడు సిగ్నల్ ఉన్న చోటు దాకా రెండు వందల మీటర్లు ఎక్కువ నడిచి వెళ్తున్నారు, అడగడం కంటే అదే మేలంట.

మూడు నెలల తర్వాత

పద్నాలుగు సెషన్లు అయ్యాయి. అదే వీధి, అదే మూడు వందల మీటర్లు, పట్టపగలు, ఆయన మామూలు వేగం: రెండుసార్లు తగిలింది, ఒకటి కుడి, ఒకటి ఎడమ. టైమ్ మొదటిసారి కంటే కాస్త తక్కువే. ఎడమ కాలి మీద పాత మచ్చలు నల్లబడి మిగిలాయి, ఎర్రటివి లేవు. టోపీ పెట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు, సగం రోజులు మర్చిపోయానంటారు, నేను నమ్మను. ఈమధ్యలో ఒకసారి పడ్డారు కూడా, మెట్లు అయిపోయాయనుకుని కర్ర ఎత్తేశారు, ఇంకో మెట్టుంది.

మళ్లీ సుద్ద పూయమని ఆయనే అడిగారు. అదే నల్లటి నేల, ఇరవై అడుగులు. ఈసారి వంగి చూసుకున్నది ఆయనొక్కరే, నేను పక్కన నిలబడ్డాను. ఎడమ బూటు గుర్తు దొరికాక చూపుని అక్కడినుంచి ఎడమకి జరిపి జరిపి సుద్ద చుక్కని పట్టుకున్నారు, రెండింటి మధ్య వేళ్లు పెట్టి కొలిచారు. "మూడు వేళ్లు సార్, బయటే పడింది" అన్నారు. తర్వాత కుడివైపు కూడా కొలిచి, "ఇక్కడ రెండే. ఇప్పుడు కుడి కాలికి కోపం వస్తుందేమో" అన్నారు.